మెతుకు పట్టి చూసిన మహలనోబిస్

మాది ఉదయగిరి. అమ్మమ్మ వాళ్లది ఆత్మకూరు దగ్గర ఒక పల్లె. మధ్యలో బస్సు ప్రయాణం ఎక్కువేం కాదు గానీ, రెండూ రెండు లోకాలు. మా ఉదయగిరిలో కొండ, కోట, ఎండ. బోరులో నీళ్లుంటే పంట, లేకుంటే లేదు. ఆత్మకూరు దిక్కు పోతే సోమశిల దగ్గర పడుతుంది, చెరువుల కింద వరి పచ్చగా కనిపిస్తుంది.

నేను ఇంటర్ చదివేటప్పుడు ఒక కోతల కాలంలో తాత పొలానికి ఇద్దరు మనుషులు వచ్చారు. చేతిలో టేపు, తాడు, నాలుగు మేకులు, ఒక కాగితం. కాగితంలో నంబర్లు చూసుకుని, గట్టు మూల నుంచి అడుగులు లెక్కబెట్టుకుంటూ లోపలికి పోయారు. ఐదు మీటర్లకు ఐదు మీటర్లు తాడు కట్టి, ఆ చతురంలో ఉన్నంత వరకే కోయించి, నూర్చి, తూకం వేసి, రాసుకుని వెళ్లిపోయారు. దీన్ని పంట కోత ప్రయోగం అంటారు. ఊళ్లో ఇట్టాంటి ముక్కలు కొన్ని కోసి, వాటి సగటు తీసి, పంట బీమా వస్తుందో రాదో తేలుస్తారు. ఆ ఏడు తాత పడమటి మడి మెడవిరుపు తగిలి సగం తాలుపోయింది. తాడు పడింది తూర్పు మడిలో. బీమా రాలేదు.

తాత ఎవరినీ తిట్టలేదు. నన్ను మాత్రం ఒక మాట అడిగాడు. ఇంత ఊళ్లో ఆ గదంత ముక్క చూసి, ఊరి పంట ఎంతో ఎట్టా చెప్తారు అని. ఎంపీసీ చదువుతున్నా కదా, నాకు తెలిసే ఉంటుందని ఆయన నమ్మకం. నాకు తెలీదు.

బీటెక్ లో చేరాక ఒక సెలవుల్లో డేటా సైన్స్ షార్ట్ కోర్సు అని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణకు వెళ్లాను. అక్కడ మన సి.ఆర్. రావు గారి పేరు మీద ఒక పరిశోధన సంస్థ ఉంది. నిజం చెప్పాలంటే నేను వెళ్లింది న్యూరల్ నెట్‌వర్క్స్ కోసం, రెజ్యూమెలో ఒక లైన్ కోసం. మొదటి రోజంతా శాంపిలింగే చెప్పారు. సగం మంది ఫోన్లు చూసుకుంటున్నారు. నాకు మాత్రం తాత పొలంలో తాడు కళ్ల ముందు కదిలింది. ఆ తాడు వెనకాల ఎవరున్నారని వెతుక్కుంటూ పోతే ఈయన తగిలాడు. ప్రశాంత చంద్ర మహలనోబిస్.

1893 జూన్ 29న కలకత్తాలో, బ్రహ్మ సమాజ కుటుంబంలో పుట్టాడు. ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజిక్స్ చదివాడు. జగదీశ్ చంద్ర బోస్, ప్రఫుల్ల చంద్ర రే అక్కడ ఆయనకు మాస్టార్లు. 1913లో లండన్ యూనివర్సిటీలో చేరదామని ఓడ ఎక్కాడు. లండన్ చేరాక ఒక రోజు ఊరికే కేంబ్రిడ్జ్ చూసొద్దామని పోయి, కింగ్స్ కాలేజీ చర్చి చూస్తూ తిరుగు రైలు తప్పిపోయాడు. ఆ రాత్రి స్నేహితుడి దగ్గర ఉండిపోయి, ఆయన సలహాతో మర్నాడు కింగ్స్ కాలేజీలోనే అడిగి చూస్తే సీటు ఇచ్చేశారు. కౌన్సెలింగులో వెబ్ ఆప్షన్లు మార్చి మార్చి పెట్టుకున్న మనకు ఈ ముక్క చదివితే కొంచెం కడుపు మండుతుంది.

అక్కడే ఆయనకు రామానుజన్ పరిచయమయ్యాడు. ఒక చలి రోజున రామానుజన్ గదికి పోతే, ఆయన రాత్రిళ్లు ఓవర్‌కోటు వేసుకుని, శాలువా చుట్టుకుని పడుకుంటున్నానని చెప్పాడట. కంబళ్లు చాల్లేదేమోనని మహలనోబిస్ మంచం చూశాడు. కంబళ్లు బోలెడు ఉన్నాయి, కాకపోతే పరుపు కింద గట్టిగా దోపి పెట్టి ఉన్నాయి. రామానుజన్ పై దుప్పటి మీదే పడుకుంటున్నాడు. కంబళ్లు లాగి, వాటి లోపల దూరి ఎట్టా పడుకోవాలో మహలనోబిస్ చూపించాడు. అంత లెక్కలు వచ్చినాయనకు ఈ సంగతి తెలీలేదంటే నాకు నవ్వు రాలేదు. హాస్టల్లో మొదటి నెల గుర్తొచ్చింది.

1915లో ట్రైపోస్ ఫిజిక్స్‌లో ఫస్ట్ క్లాస్ వచ్చింది. కావెండిష్ లేబొరేటరీలో పరిశోధన చేద్దామనుకుని, ముందు కొన్నాళ్లు ఇంటికి బయల్దేరాడు. యుద్ధం రోజులు, ఓడ ఆలస్యమైంది. ఆ ఖాళీలో ట్యూటర్ ఒకాయన బయోమెట్రికా అనే పత్రిక చూపించాడు. నచ్చి, సంపుటాలన్నీ కొనేసి, ఓడలో చదువుకుంటూ వచ్చాడు. కొలతలు ఉన్న చోటల్లా, అది మనుషుల ఎత్తు గానీ వాన గానీ, స్టాటిస్టిక్స్ పనికొస్తుందని అప్పుడు పట్టుకున్నాడు. కావెండిష్‌కి మళ్లీ పోలేదు. ప్రెసిడెన్సీలో ఫిజిక్స్ చెప్తూ ఉండిపోయాడు.

పెళ్లి సంగతి క్లుప్తంగా చెప్తా. 1923లో నిర్మల కుమారిని చేసుకున్నాడు. బ్రహ్మ సమాజం నియమాల మీద మహలనోబిస్ చేసే వాదనలు మామగారికి నచ్చక ఆయన ఒప్పుకోలేదు. పెళ్లిలో మామగారి స్థానంలో మహలనోబిస్ మేనమామే నిలబడ్డాడు. రవీంద్రనాథ్ ఠాగూర్ ఈ దంపతులకు బాగా దగ్గర మనిషి. విశ్వభారతికి మహలనోబిస్ చాన్నాళ్లు కార్యదర్శిగా పనిచేశాడు.

నాకు ఎక్కువ నచ్చింది వరదల భాగం. 1926లో ఒరిస్సాలో బ్రాహ్మణి నదికి పెద్ద వరద వచ్చింది. ఇంజినీర్లు నది అడుగు మేట వేసి పైకి లేచిందని, కాబట్టి కరకట్టలు ఎత్తు పెంచాలని అన్నారు. వినడానికి సబబుగానే ఉంది కదా. మహలనోబిస్ ఏళ్ల తరబడి వాన లెక్కలు, నీటి మట్టాల లెక్కలు ముందేసుకుని చూసి, నది అడుగు లేవనే లేదని తేల్చాడు. కట్టలు పెంచితే లాభం లేదు, పైన నీళ్లు ఆపుకునే ఆనకట్టలు కావాలన్నాడు. మహానది మీద హిరాకుడ్ ఆనకట్ట తర్వాతెప్పుడో 1957లో పూర్తయింది. అంతకు ముందు 1922 ఉత్తర బెంగాల్ వరదలప్పుడు కూడా ఇదే పని చేశాడు. నీళ్లు నిలవ చేసే మడుగులు కట్టాలని కమిటీ అంటే, లెక్కలు చూసి, కావాల్సింది నీళ్లు పోయే దారి అని చెప్పాడు. సోమశిల గేట్లెత్తిన రోజుల్లో పెన్న ఒడ్డున అందరూ తలా ఒక కారణం చెప్పడం మనం విన్నాం. పాత లెక్కలు తీసి చూసేవాడు మాత్రం అరుదు.

ప్రెసిడెన్సీ కాలేజీలో తన ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్ గదిలోనే ఒక మూల స్టాటిస్టికల్ లేబొరేటరీ అని పెట్టుకున్నాడు. 1931 డిసెంబరు 17న అదే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ అయింది. మొదటి ఏడాది మొత్తం ఖర్చు 238 రూపాయలు. 1933లో సాంఖ్య అనే పత్రిక మొదలుపెట్టాడు. అప్పటికి మన దేశంలో స్టాటిస్టిక్స్‌కి డిగ్రీ లేదు. అందుకని వేరే వేరే శాఖల్లో పనిచేసే వాళ్లను పిలిచి ట్రైనింగ్ కోర్సులు పెట్టేవాళ్లు. లెక్కల మిషన్ హ్యాండిల్ తిప్పడం దగ్గర నుంచి అక్కడే నేర్చుకోవాలి. ఇవాళ మనం డబ్బు కట్టి చేరే సర్టిఫికెట్ కోర్సులకు ఇది ముత్తాత అన్నమాట.

ఆ కోర్సు లోకే మన తెలుగు కుర్రాడు ఒకడు వచ్చి పడ్డాడు. ఆంధ్ర విశ్వకళా పరిషత్తులో లెక్కల్లో ఎం.ఏ. చేసి, ఉద్యోగం కోసం వెతుక్కుంటూ కలకత్తా పోయాడు. ఉద్యోగం రాలేదు. అక్కడ పరిచయమైన ఒకాయన తాను ఈ ఇన్‌స్టిట్యూట్‌లో ట్రైనింగ్ అవుతున్నానని చెప్తే, ఈయనా వెళ్లి, 1941 జనవరిలో చేరిపోయాడు. ఆయనే సి.ఆర్. రావు. అదే ఏడాది కలకత్తా యూనివర్సిటీలో మహలనోబిస్ స్టాటిస్టిక్స్ ఎం.ఏ. మొదలుపెట్టాడు, రావు 1943లో అందులో ఫస్ట్ వచ్చాడు. ఒకరికి రైలు తప్పింది, ఇంకొకరికి ఉద్యోగం తప్పింది. నేను కోర్సుకు పోయిన ఆ బిల్డింగు మీద పేరు ఆ ఉద్యోగం తప్పినాయనది.

ఇప్పుడు తాత ప్రశ్న. బెంగాల్లో జనపనార ఎన్ని ఎకరాలు వేశారో తేల్చమని పని వచ్చింది. మామూలు పద్ధతి ప్రతి పొలానికీ పోవడం. మహలనోబిస్ 1937లో చిన్నగా మొదలుపెట్టి, ఏటా కొంచెం పెంచుకుంటూ, 1941కి బెంగాల్ మొత్తానికీ శాంపిల్ సర్వే చేసి చూపించాడు. ఖర్చు ప్రతి పొలం తిరిగే దాంట్లో పదో వంతు లాంటిది. అయినా తర్వాత వ్యాపారుల లెక్కలతో పోలిస్తే శాంపిల్ లెక్కే దగ్గరగా వచ్చింది. ఎందుకంటే వేలమందిని ప్రతి పొలానికీ తోలితే, అందులో ఎంతమంది నిజంగా పొలంలో దిగుతారు? చెట్టు కింద కూర్చుని రాసేవాళ్లు ఉండరా? తక్కువ మందికి బాగా నేర్పి, తక్కువ పొలాలకు పంపితే తప్పులు తగ్గుతాయి.

మన ఇళ్లల్లో అన్నం ఉడికిందా లేదా అని ఒక్క మెతుకు పట్టుకుని చూస్తారు. అదే ఇది. కాకపోతే అవ్వ ఆ మెతుకు ఎప్పుడూ పై నుంచి తీయదు. మా ఉదయగిరి చెక్క గరిటె అడుగు దాకా పెట్టి ఒకసారి కలిపి, అప్పుడు తీస్తుంది. కలపకుండా తీస్తే ఆ మెతుకు అబద్ధం చెప్తుంది. పొలాలను గరిటెతో కలపలేం కాబట్టి యాదృచ్ఛిక నంబర్లు. తాత పొలంలో ఆ కాగితం అందుకే. రోడ్డు పక్కన కోసుకుని పోతే సుఖమే గానీ అది పైపై మెతుకు.

ఆయన ఇంకో ఉపాయం చేశాడు. ఒకే ప్రాంతానికి రెండు శాంపిళ్లు తీసి, రెండు వేరే జట్లకు ఇచ్చేవాడు. రెండు జవాబులూ దగ్గర దగ్గరగా వస్తే సరే. ఎడం ఎక్కువుంటే ఎవరో ఎక్కడో తప్పు చేశారని తెలిసిపోతుంది. మనం మోడల్‌ని మళ్లీ మళ్లీ వేరే ముక్కల మీద పరీక్షిస్తాం కదా, ఆ ఆలోచనకు ఇది చుట్టమే.

అన్నీ ఆయనే కనిపెట్టాడని చెప్తే తప్పు. ఆయనకంటే ముందే 1920లలో హబ్బాక్ అనే అధికారి బీహార్ దిక్కు ఇట్టా ముక్కలు కోయించి చూశాడు. మహలనోబిస్ చిన్న చిన్న గుండ్రటి ముక్కలు చాలంటే, సుఖాత్మే ఒప్పుకోలేదు. ముక్క చిన్నదైతే అంచు మీది దుబ్బులు లోపలికి కలిసిపోయి పంట ఎక్కువ కనిపిస్తుందని ఆయన వాదన. పెద్ద గొడవే నడిచింది. చివరికి ప్రభుత్వ పద్ధతిలో నిలబడింది పెద్ద ముక్కే. తాత పొలంలో ఐదు మీటర్ల తాడు సుఖాత్మే పక్షమే. ఈ విషయంలో నేనూ అటే.

మనకు లైబ్రరీలో ఒక్క ఫంక్షన్‌గా దొరికే మహలనోబిస్ దూరం సంగతి కూడా చెప్పాలి. ఆ పేపరు 1936ది, మూలం మాత్రం 1920లలో కలకత్తా ఆంగ్లో ఇండియన్ల శరీర కొలతల మీద చేసిన పని. మా దిక్కు ఉదాహరణతో చెప్తా. ఉదయగిరిలో మెట్ట పైరుకు వాన తక్కువై దిగుబడి తగ్గితే వింత కాదు, రెండూ కలిసే నడుస్తాయి. వాన తక్కువై దిగుబడి పెరిగితే అది వింత. మామూలు స్కేలుతో కొలిస్తే రెండూ సగటు నుంచి అంతే దూరంలో ఉండొచ్చు. ఈ దూరం మాత్రం రెండోదాన్ని దూరంగా నెట్టి చూపిస్తుంది. అంటే ఆ చేలో ఎక్కడో బోరుంది, లేదా రాసినాయన తప్పు రాశాడు.

స్వాతంత్ర్యం వచ్చాక ఆయన చేయి దేశమంతా పడింది. 1949లో కేబినెట్‌కు స్టాటిస్టికల్ సలహాదారు. 1950లో నేషనల్ శాంపిల్ సర్వే. అదే ఏడాది కలకత్తాలో ఆసియా, ఆఫ్రికా దేశాల వాళ్లకు నేర్పే అంతర్జాతీయ కేంద్రం. 1950ల నడుమ ఇన్‌స్టిట్యూట్‌కి ఇంగ్లండు నుంచి కంప్యూటర్ తెప్పించాడు, దేశంలో మొదటి డిజిటల్ కంప్యూటర్ అదే. 1959లో పార్లమెంటు చట్టంతో ఇన్‌స్టిట్యూట్ తనే డిగ్రీలు ఇచ్చే సంస్థ అయింది. లెక్కలతో ఆగలేదు, వాళ్ల జియాలజీ వాళ్లు ప్రాణహిత, గోదావరి లోయలో డైనోసార్ ఎముకలు తవ్వి, దానికి బరపాసారస్ టాగోరై అని ఠాగూర్ పేరు కలిపి పెట్టారు.

రెండో పంచవర్ష ప్రణాళిక కూడా ఈయన నమూనా మీదే నడిచింది. భారీ పరిశ్రమలకు పెద్ద పీట వేసి, వ్యవసాయాన్ని వెనక్కి నెట్టాడన్న విమర్శ ఉంది. నాకూ అది నిజమే అనిపిస్తుంది. 1943 కరువు తర్వాత బెంగాల్ పల్లెల్లో ఎవరి భూములు పోయాయి, ఎవరి ఎడ్లు పోయాయి అని ఇల్లిల్లూ సర్వే చేయించిన మనిషి, పదేళ్లు తిరక్కుండానే ఉక్కు వైపు అంత మొగ్గడం నాకు మింగుడు పడలేదు. ఇన్‌స్టిట్యూట్‌లో కూడా అంతా తన మాటే నెగ్గాలనే రకం అని చెప్తారు. జె.బి.ఎస్. హాల్డేన్ అంతటాయన 1957లో వచ్చి చేరి, నాలుగేళ్లకే వెళ్లిపోయాడు.

1972 జూన్ 28న పోయాడు. ఇంకొక్క రోజుంటే 79 నిండేవి. అప్పటికీ ఆయనే డైరెక్టరు. ఆయన పుట్టినరోజును 2007 నుంచి దేశంలో గణాంక దినోత్సవంగా చేస్తున్నారు.

కోర్సు నుంచి వచ్చాక తాతకు మెతుకు సంగతీ, నంబర్ల సంగతీ అన్నీ చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. విని, మెతుకు చూసి కుండ సంగతి చెప్తావు సరే, మాడిన మెతుకుకు ఎవరు జవాబు చెప్తారని అడిగాడు. ఊరి సగటు నిజమే అయినా, ఆయన పడమటి మడి నష్టం కూడా నిజమే. ఆ సగటులో ఆ మడి ఉండదు. నేను నోరు మూసుకున్నా.

ఈ ఏడు కోతలప్పుడు నేను ఊళ్లోనే ఉన్నా. తాడు, మేకులతో మళ్లీ వచ్చారు. నంబరు ఈసారి మడి మధ్యకు పడింది, అక్కడ ఇంకా బురద ఆరలేదు. వచ్చినాయన గట్టు మీద నిలబడి ఒక క్షణం ఆలోచించాడు. తాత చెప్పులు చేత్తో పట్టుకుని ముందు దిగాడు. వెనకాల నేను అడుగులు లెక్కబెట్టుకుంటూ పోయా.