శ్వాసను కనిపెట్టిన రూపాబాయి

శస్త్రచికిత్సలో మత్తునిచ్చువారు ఏమరినచో రోగి మరల లేవడు. ఆ భారమును హైదరాబాదులో వహించిన స్త్రీ రూపాబాయి ఫర్దూన్‌జీ. 1885లో అక్కడి వైద్య పాఠశాలలో చేరిన ఐదుగురు స్త్రీలలో ఆమె ఒకరు. 1889లో హకీము పట్టము పొందెను. నాడికంటె ముందు శ్వాసను కనిపెట్టవలెనని గురువైన లారీ దొర నేర్పెను. అబిడ్సు, నాంపల్లికి చేరువనున్న సుల్తాన్ బజారు రెసిడెన్సీ ఆసుపత్రిలో ఆమె రోగులకు క్లోరోఫారము ఇచ్చుచుండెను.

మత్తు విద్యకు అప్పటికి ప్రత్యేక పట్టము లేదు. అయినను నేర్చినది చాలునని ఆమె ఊరకుండలేదు. ఇరువది యేండ్ల అనుభవము పిమ్మట, 1909లో ఎడిన్‌బరో వెళ్లి, మత్తుకు ఆధారమైన భౌతిక, రసాయన శాస్త్రములు చదివెను. 1920లో చాదర్‌ఘాటు ఆసుపత్రి పర్యవేక్షకురాలిగా ఉద్యోగము విరమించెను.

ప్రియులారా, నర్సు చదువునకు వెళ్లు మన కుమార్తెలకు ఈమెను గూర్చి చెప్పుడి. పరుల ప్రాణము చేతబట్టినవారు నేర్చుకొనుట మానరాదు.