బ్రౌన్ దొర, మా లింగాల బడి లైబ్రరీ

బ్రౌన్ పేరు చెప్పగానే మనకు లావుపాటి నిఘంటువు గుర్తొస్తుంది, లేదంటే వేమన. పోటీ పరీక్షలకు చదివేవాళ్లకైతే ఒక బిట్టు. అంతటితో ఆయన సంగతి సరి. నాకు మాత్రం ఈమధ్య ఆయనతో వేరే పని పడింది. మన క్లబ్ తరఫున లింగాల మండలంలో ఒక బడికి లైబ్రరీ గది పెట్టిద్దామని అనుకున్నాం కదా. అప్పట్నుంచీ గ్రూపులో ఒకటే లెక్క, ఎన్ని పుస్తకాలు పోగయ్యాయి అని. మా కడపలోనే రెండొందల ఏళ్ల కిందట పుస్తకాలు పోగేసిన మనిషి ఏం చేశాడో చూద్దామని ఆయన జీవితం పట్టుకున్నాను. పోగేయడం కంటే, పోగేసినదాన్ని పదిమంది చదివేలా చేయడానికే ఆయన ఎక్కువ తిప్పలు పడ్డాడని తెలిసింది. అందుకే ఇది రాస్తున్నా.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టాడు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యుడు, భాషల పిచ్చి ఉన్నవాడు. పిల్లలకు చిన్నతనంలోనే హీబ్రూ, అరబిక్, పారశీకం, హిందూస్తానీ నేర్పించాడు. 1812లో ఆయన పోయాక కుటుంబం ఇంగ్లండుకు వెళ్లిపోయింది. కొడుకు హెయిలీబరీలో కంపెనీ కొలువుకు కావాల్సిన చదువు చదివి, 1817 ఆగస్టులో మద్రాసులో దిగాడు. అప్పటికి తెలుగు ఒక్క ముక్క రాదు. మద్రాసు కాలేజీలో వెలగపూడి కోదండరామ పంతులు గారి దగ్గర ఓనమాలతో మొదలుపెట్టి, 1820లో కలెక్టరుకు సహాయకుడిగా కడప వచ్చాడు. వయసు 21. మన ఫైనలియర్ వాళ్ల ఈడు.

వచ్చిన మరుసటి ఏడే, 1821లో, కడపలో రెండు బడులు పెట్టాడు. డబ్బు కట్టక్కర్లేని బడులు. తర్వాత మచిలీపట్నంలో ఉన్నప్పుడూ ఇదే పని. ఆ రోజుల్లో బడి ఎవరిది అనడానికి ఒక లెక్క ఉంది. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో రాజధాని మొత్తం బడుల వివరాలు అడిగాడు. 1826 నాటికి లెక్కలు తేలాయి. బడికి పోయే పిల్లలు 1,88,650 మంది, అందులో ఆడపిల్లలు 4,540. ఇళ్లలో చదువుకున్నవాళ్లు వేరే ఉన్నారనుకున్నా, అక్షరం చాలామంది గుమ్మం దాకా రాలేదని అర్థమవుతుంది. ఇక పుస్తకమంటే తాటాకు కట్ట. అది పండితుడి ఇంట్లోనో, గుడిలోనో, జమీందారు దగ్గరో ఉంటుంది. అడిగి తెచ్చుకునే ధైర్యం ఎవరికుంటుంది?

1822లో బ్రౌన్‌ను మచిలీపట్నం పంపారు. అక్కడ తిప్పాభట్ల వెంకటశివశాస్త్రి, వఠ్యం అద్వైత బ్రహ్మయ్య ఆయనకు ఛందస్సు నేర్పారు. 1824లో అబే దుబాయ్ అనే ఫ్రెంచి మతాచార్యుడు రాసిన పుస్తకంలో వేమన పేరు చూశాడు. పండితులను అడిగితే వాళ్లకు పెద్ద ఆసక్తి లేదు. వేమన పద్యం పశువుల కాపరికి కూడా నోటికి వస్తుంది కాబట్టి వాళ్ల లెక్కలో అది కావ్యం కాదు. బ్రౌన్ అదే పట్టుకున్నాడు. ఎన్నో ప్రతులు తెప్పించి, పోల్చి, 693 పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో 1829లో అచ్చు వేయించాడు. ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్తాను. లైబ్రరీలో మొదటి అరలో ఏం పెడతామో దాన్నిబట్టి ఆ గదిలోకి ఎవరు వస్తారో తేలిపోతుంది. బ్రౌన్ ఆ అరలో వేమనను పెట్టాడు.

1826లో మళ్లీ కడప. ఈసారి ఒక పెద్ద బంగళా కొన్నాడు. అందులో పండితులను, రాయసగాళ్లను జీతాలిచ్చి కూర్చోబెట్టాడు. అయోధ్యాపురం కృష్ణారెడ్డి ఆ పనంతా చూసుకునేవాడు. జనం దాన్ని బ్రౌన్ కాలేజీ అనేవారు. ఖర్చు సొంత జీతంలోంచి, చాలకపోతే అప్పు. ఒక్కో కావ్యానికి దొరికినన్ని తాళపత్ర ప్రతులు తెప్పించడం, కాగితం మీదికి ఎక్కించడం, పాఠాలు పోల్చి తప్పులు సరిచేయడం, శుద్ధప్రతి రాయించి బైండు చేయించడం, ఇదీ వరస.

ఇంజినీరింగ్ బుర్రతో చూస్తే నాకు ఇది భలే నచ్చింది. తాటాకు మీద మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండదు. పద్యం ఎక్కడ అయిపోయిందో, ఇంకోటి ఎక్కడ మొదలైందో గురువు చెప్తేనే తెలుస్తుంది. అంటే ఆ పుస్తకం తెరవాలంటే తాళంచెవి ఒక మనిషి దగ్గర ఉంది. బ్రౌన్ పద్యాలను విడగొట్టి రాయించాడు. మనుచరిత్ర, వసుచరిత్రలకు జూలూరి అప్పయ్య లాంటి పండితులతో తేలిక తెలుగులో టీకలు రాయించాడు. అచ్చులో అరసున్ననూ బండి ఱనూ పక్కన పెట్టాడు. పండితులకు కోపం వచ్చింది. వస్తుంది మరి, తాళంచెవి పోతుంటే.

మరీ దేవుణ్ణి చేయక్కర్లేదు. ఆయన కంపెనీ నౌకరు, జనం దగ్గర పన్ను వసూలు చేసిన సర్కారు మనిషే. తెలుగు నేర్చుకోవడానికి మొదట కారణం కూడా కొలువే. ఆయనకు పేరొచ్చినంతగా కృష్ణారెడ్డికీ అప్పయ్యకూ రాలేదన్నది కూడా నిజం.

1832-33లో గుంటూరు సీమలో నందన కరువు వచ్చినప్పుడు ఆయన అక్కడే ఉన్నాడు. 1834లో కొలువు పోయింది. 1835లో ఇంగ్లండు వెళ్లాడు. ఊరికే కూర్చున్నాడా అంటే లేదు. లండన్‌లో కంపెనీ వాళ్ల లైబ్రరీలో దక్షిణాది భాషల రాతప్రతులు చదివే దిక్కులేక పడి ఉన్నాయి. వాటిని చూసి, పట్టిక తయారుచేసి, మద్రాసుకు తిరిగి పంపేలా చేశాడు. చదవగలిగినవాళ్లు ఇక్కడుంటే పుస్తకాలు అక్కడెందుకు అన్నదే ఆయన వాదన. తర్వాత తన సొంత ప్రతులను కూడా మద్రాసు లిటరరీ సొసైటీకి ఇచ్చేశాడు. అవే చివరికి మద్రాసు ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారానికి చేరాయి.

1838లో తిరిగొచ్చాక పనులు వరసగా బయటపడ్డాయి. 1840లో వ్యాకరణం. 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు. కావ్యాల్లోని మాటల పక్కనే సంతలో మాట, కచేరీలో మాట కూడా ఎక్కించాడు. పారశీకం, ఉర్దూ నుంచి తెలుగులో కలిసిన మాటలకైతే వేరే నిఘంటువే వేశాడు. 1853లో అనంతపురం రాజుల చరిత్రను అచ్చు వేయించాడు. మా లింగాల దాటితే వచ్చేది అనంతపురం జిల్లానే. మన సీమ వచనం అచ్చులో కనబడిన తొలి పుస్తకాల్లో అదొకటి. ఆ తర్వాత ఆరోగ్యం బాగాలేక కొలువు వదిలి ఇంగ్లండు వెళ్లిపోయాడు. లండన్‌లో కొంతకాలం తెలుగు ప్రొఫెసర్‌గా ఉన్నాడు. పెళ్లి చేసుకోలేదు. 1884 డిసెంబరు 12న పోయాడు. కెన్సల్ గ్రీన్ శ్మశానంలో సమాధి ఉంది.

కడపలో ఆయన బంగళా పాడుబడిపోయింది. ఆ చోటే లైబ్రరీ కట్టించాలని జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు ఊరూరా చందాలు అడిగి సాధించారు. ఇప్పుడది యోగి వేమన విశ్వవిద్యాలయం కింద సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం. వేమన పేరు, బ్రౌన్ పేరు ఒకే గడపలో.

ఇక మన పని సంగతి. నేను చిన్నప్పుడు చదివిన ఒక బడిలో (ఊరు అనవసరం) పుస్తకాల బీరువా ఉండేది. తాళం తీయగా నేను చూడలేదు. మా క్లాసులో ఒకడికి కాళ్లు సరిగా లేవు. బీరువా ఉన్న గదికి నాలుగు మెట్లు. తాళం తీసినా వాడికి ఒరిగేదేమీ లేదు. చూపు తక్కువున్న పాపకు అరచేతి పుస్తకాల్లో చీమల్లాంటి అక్షరాలు.

కాబట్టి పుస్తకాల డబ్బులో కొంత తీసి వేరేవాటికి పెట్టాలని నా వాదన. మెట్ల పక్కన ర్యాంపు కావాలి. ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు, అంతకంటే నిటారుగా కడితే చక్రాల కుర్చీ ఎక్కదు. తలుపు 900 మిల్లీమీటర్లు. కూర్చుంటే అందే అరలు. పెద్దక్షరాల పుస్తకాలు. స్క్రీన్ రీడర్ ఉన్న ఒక కంప్యూటర్. ఇంకో మాట, స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు నింపి మురిసిపోవద్దు. స్క్రీన్ రీడర్‌కు అవి ఉత్త బొమ్మలు. బ్రౌన్ నిఘంటువే చూడండి. షికాగో విశ్వవిద్యాలయం సైట్లో అది యూనికోడ్‌లో ఉంది, మాట కొట్టి వెతకొచ్చు, చదివించుకుని వినొచ్చు. అదే పుస్తకం స్కాన్ కాపీ అయితే కళ్లున్నవాళ్లకే.

గ్రూపులో కొందరు, ఆ బడిలో అలాంటి పిల్లలు ఎంతమంది ఉన్నారని ర్యాంపు అన్నారు. మెట్లు ఉన్నంతకాలం ఆ లెక్క తక్కువే కనబడుతుంది. వచ్చే ఆదివారం టేపు పట్టుకుని లింగాలకు పోతున్నాం. సివిల్ వాళ్లు ఇద్దరు కావాలి, సీఎస్ఈ నుంచి స్క్రీన్ రీడర్ సంగతి తెలిసినవాళ్లు ఒకరు. పొద్దున్నే పులివెందుల బస్టాండులో కలుద్దాం. మధ్యాహ్నం మా ఇంట్లో సంగటి, చెనక్కాయల ఊరిమిండి. తోటలో చీనీకాయలు ఎన్నైనా తినొచ్చు.