సర్టిఫికెట్ లేని కుర్రాడు.. లోకానికి ఎక్స్‌రే ఇచ్చాడు

గల్ఫ్‌కి వచ్చిన మనలో ఎక్స్‌రే మెషిన్ ముందు నిలబడని వాళ్లు లేరు. ఊరు వదిలే ముందు మెడికల్ సెంటర్‌లో ఒకసారి, కువైట్‌లో దిగాక ఇకామా కోసం మరోసారి. మెడలో గొలుసు, తాయెత్తు తీసేసి, ఛాతీని ప్లేటుకి ఆనించి నిలబడ్డాం. చేతులు నడుం మీద పెట్టి, భుజాలు ముందుకి తోసి, ఊపిరి బిగబట్టమంటే బిగబట్టాం. ఎందుకలా అని అడిగిన వాళ్లు తక్కువ. ఆ ఒక్క ఫిల్మ్ బాగుందంటే వీసా, లేదంటే ఊళ్లో చేసిన అప్పు నెత్తిమీద. మన బతుకుల్లో ఇంత చోటు సంపాదించిన ఆ ఎక్స్‌రేని కనిపెట్టిన విల్‌హెల్మ్ కాన్రాడ్ రాంట్‌జెన్ ఎవరో తెలుసుకుంటే, ఆయన మనకేమీ పరాయివాడు కాదనిపిస్తుంది. కాగితం లేదని తలుపులు మూస్తే, వేరే దేశం పోయి పైకొచ్చిన మనిషి ఆయన.

బొమ్మ గీసింది ఒకరు.. శిక్ష ఇంకొకరికి

1845 మార్చి 27న ఇప్పటి జర్మనీలోని లెన్నెప్ అనే చిన్న ఊళ్లో రాంట్‌జెన్ పుట్టారు. తండ్రి బట్టల వ్యాపారి, తల్లిది డచ్ కుటుంబం. పిల్లాడికి మూడేళ్లప్పుడే ఆ ఇల్లు హాలండ్‌లోని ఆపెల్‌డోర్న్‌కి తరలిపోయింది. తర్వాత ఉట్రెక్ట్‌లో టెక్నికల్ స్కూల్లో చదువుతుండగా గొడవ వచ్చింది. ఒక మాస్టారిని వెక్కిరిస్తూ తోటి కుర్రాడెవరో బొమ్మ గీశాడు. గీసిందెవరో చెప్పమంటే రాంట్‌జెన్ నోరు విప్పలేదు. స్కూలు నుంచి పంపేశారు. చేతిలో సర్టిఫికెట్ లేదు. అది లేకుండా యూనివర్సిటీలో మామూలు విద్యార్థిగా చేరే దారీ లేదు.

స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ పాలిటెక్నిక్‌లో ఆ కాగితం లేకున్నా చేర్చుకుంటారని తెలిసి 1865లో అక్కడికి వెళ్లారు. 1868లో ఇంజినీరింగ్ డిప్లొమా, మరుసటేడే డాక్టరేట్. అంత చదివినా పాత కాగితం గొడవ వదల్లేదు. 1870లో గురువు ఆగస్ట్ కుంట్ వెంట జర్మనీలోని వుర్జ్‌బర్గ్ యూనివర్సిటీకి వెళితే, స్కూల్ సర్టిఫికెట్ లేదని లెక్చరర్ అర్హత ఇవ్వలేదు. స్ట్రాస్‌బర్గ్ వెళ్లి 1874లో ఆ అర్హత సాధించుకున్నారు. ఆ తర్వాత 1888లో కాదన్న వుర్జ్‌బర్గే ప్రొఫెసర్‌గా పిలిచింది. 1894లో అదే యూనివర్సిటీకి రెక్టర్ అయ్యారు.

చీకటి గదిలో వెలుగు

1895 నవంబరు 8, శుక్రవారం సాయంత్రం. గాలి తీసేసిన గాజు గొట్టంలోకి కరెంటు పంపి రాంట్‌జెన్ ప్రయోగం చేస్తున్నారు. గొట్టం చుట్టూ నల్లటి అట్ట కప్పారు, గది అంతా చీకటి. అయినా కొంచెం దూరంలో ఉన్న, బేరియం ప్లాటినోసైనైడ్ పూసిన తెర మెరుస్తోంది. అట్టను దాటి ఏదో కిరణం వస్తోందన్న మాట. ఆయన ఎవరికీ చెప్పలేదు. వారాల తరబడి ల్యాబ్‌లోనే ఉండి, కాగితం, చెక్క, లోహం ఒక్కొక్కటే అడ్డుపెట్టి చూశారు. లెక్కల్లో తెలియని దాన్ని ఎక్స్ అంటాం కదా, అందుకే వాటికి ఎక్స్ కిరణాలని పేరు పెట్టుకున్నారు.

డిసెంబరు 22న భార్య బెర్తాని పిలిచి, ఆమె చేతిని ఫొటో ప్లేటు మీద పావుగంట సేపు కదలకుండా పెట్టించారు. ఎముకలు, వేలికున్న ఉంగరం స్పష్టంగా వచ్చాయి. తన చావును తానే చూసినట్టుందని ఆమె హడలిపోయిందని చెబుతారు. డిసెంబరు 28న పరిశోధన వ్యాసం ఇచ్చారు. జనవరికల్లా యూరప్ పత్రికల్లో అదే వార్త. కొద్ది వారాల్లోనే డాక్టర్లు విరిగిన ఎముకలు, ఒంట్లో దిగిన తూటాలు వెతకడానికి దాన్ని వాడటం మొదలెట్టారు.

భుజాలు ముందుకి ఎందుకు తోయాలి?

ఆ కిరణం చేసే పని సులువుగానే ఉంటుంది. మెత్తటి కండను చాలావరకు దాటిపోతుంది, కాల్షియం ఉన్న ఎముక దగ్గర ఆగిపోతుంది. ఆగిన చోట ఫిల్మ్ తెల్లగా, దాటిన చోట నల్లగా పడుతుంది. చిక్కల్లా ఒక్కటే. దారిలో ముందూ వెనకా ఉన్నవన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఒకే బొమ్మ అవుతాయి.

మన వీపు మీద రెండు పక్కలా రెక్క ఎముకలుంటాయి. చేతులు వేలాడదీసి నిలబడితే వాటి నీడ ఊపిరితిత్తుల మీద పడుతుంది. ఛాతీ ఫిల్మ్‌లో టీబీ మచ్చ కోసం వెతికే డాక్టర్‌కి ఆ నీడ అడ్డం. భుజాలు ముందుకి తోస్తే రెక్క ఎముకలు పక్కకి తప్పుకుంటాయి. టెక్నీషియన్ గద్దించేది అందుకే. ఎప్పుడో మానిపోయిన మచ్చ కనిపించి అన్‌ఫిట్ అయినవాళ్లు మనలో ఉన్నారు. కాబట్టి ఆ రెండు నిమిషాలు చెప్పినట్టు నిలబడటం మనకే మంచిది. గతంలో టీబీకి మందులు వాడి ఉంటే ఆ కాగితాలు, పాత ఫిల్మ్‌లు పారేయకూడదు.

ఒక్క ఫిల్మ్ సరిపోదు

భుజంలో మూడు ఎముకలు కలుస్తాయి. ముందు కాలర్ బోన్, వెనక రెక్క ఎముక, కింద దండ ఎముక. దండ ఎముక తల బంతిలా ఉంటే, దాన్ని పట్టుకునే గిన్నె మరీ చిన్నది, లోతు లేనిది. అందుకే చేయి అన్ని వైపులా తిరుగుతుంది, అందుకే గూడ తేలిగ్గా జారుతుంది.

ఎక్కువసార్లు గూడ ముందుకి జారుతుంది. ఎదురుగా తీసిన ఫిల్మ్‌లోనే తెలిసిపోతుంది. కానీ కరెంటు షాక్ కొట్టినప్పుడు, ఫిట్స్ వచ్చినప్పుడు కండరాలు బిగుసుకుని గూడ వెనక్కి జారొచ్చు. ఎదురు ఫిల్మ్‌లో అది అంతా బాగానే ఉన్నట్టు కనిపించి మోసం చేస్తుంది. పక్క నుంచి ఇంకో ఫిల్మ్ తీస్తేనే దొరుకుతుంది. ఎలక్ట్రికల్, నిర్మాణ పనులు చేసే అన్నదమ్ములు ఇది గుర్తుపెట్టుకోవాలి. షాక్ తర్వాత చేయి బయటికి తిరగకపోతే, షాక్ కొట్టిన సంగతి డాక్టర్‌కి తప్పకుండా చెప్పాలి. వారాలు గడిస్తే ఆపరేషన్ దాకా పోవచ్చు.

వయసును బట్టి కూడా ఫిల్మ్ మారుతుంది. ఎదిగే పిల్లల ఎముక చివర్లలో మెత్తటి భాగం ఉంటుంది. ఫిల్మ్‌లో అది నల్లగీతలా కనిపిస్తుంది, చూడ్డానికి విరిగినట్టే ఉంటుంది. అనుమానం వస్తే రెండో భుజం కూడా తీసి పోల్చి చూస్తారు. కాలర్ బోన్ మరీ విచిత్రం. తల్లి కడుపులో అన్నిటికన్నా ముందు గట్టిపడటం మొదలెట్టేది అదే, అందరికన్నా ఆఖరున, పాతికేళ్ల దరిదాపుల్లో, పూర్తిగా అతుక్కునేదీ అదే.

ఊళ్లో ఉన్న అమ్మానాన్నల సంగతి వేరు. వయసుతో ఎముక పలచబడుతుంది, ఆడవాళ్లలో నెలసరి ఆగాక ఇంకా ఎక్కువ. బాత్రూంలో జారి చేయి ఆనిస్తే చాలు, భుజం దగ్గర దండ ఎముక విరగొచ్చు. ఇంకోటి, ఫిల్మ్‌లో ఎముక బాగుంది అంటే భుజం బాగుందని కాదు. కండను ఎముకకి పట్టి ఉంచే నరంలాంటి తాళ్లు తెగినా మామూలు ఎక్స్‌రేలో కనిపించవు. షుగర్ ఉన్నవాళ్లకి ఎక్కువగా వచ్చే భుజం బిగుసుకుపోవడమూ అంతే. చేయి పైకి లేవకపోతే స్కానింగ్ లేదా ఎంఆర్ఐ అవసరమవుతుంది.

ఇళ్లలో పనిచేసే అక్కచెల్లెళ్లు గర్భం ఉందనే అనుమానం ఉన్నా ఎక్స్‌రేకి ముందే చెప్పాలి. మిగతా వాళ్లు భయపడాల్సిన పని లేదు. ఒక ఛాతీ ఎక్స్‌రేతో ఒంటికి తగిలే రేడియేషన్, మామూలుగా సుమారు 10 రోజుల్లో ప్రకృతి నుంచి అందేదానికి సమానం. తొలి రోజుల్లో ఈ సంగతులు తెలియక, రోజంతా కిరణాల మధ్య పనిచేసిన ఎందరో వేళ్లు, చేతులు, ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఇవాళ్టి జాగ్రత్తలన్నీ వాళ్ల పుణ్యమే.

పేటెంట్ వద్దన్నారు

1901లో ఫిజిక్స్‌కి ఇచ్చిన మొట్టమొదటి నోబెల్ బహుమతి రాంట్‌జెన్‌కే వచ్చింది. ఆ డబ్బు వుర్జ్‌బర్గ్ యూనివర్సిటీకి ఇచ్చేశారు. పేటెంట్ తీసుకుని ఉంటే కోట్లు గడించేవారు. అది అందరిదీ అని తీసుకోలేదు.  1919లో బెర్తా కన్నుమూశారు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీలో ధరలు మండిపోయి ఆయన దాచుకున్న సొమ్ముకి విలువ లేకుండా పోయింది. 1923 ఫిబ్రవరి 10న మ్యూనిక్‌లో పేగు క్యాన్సర్‌తో పోయారు. సమాధి గీసెన్‌లో ఉంది.

ఆయన వేసిన దారిలో మన తెలుగువాళ్లూ నడిచారు. కృష్ణా జిల్లా పెదముత్తేవిలో 1925లో పుట్టిన డాక్టర్ కాకర్ల సుబ్బారావు అమెరికాలో ఎముకల రేడియాలజీలో పేరు తెచ్చుకుని, తిరిగొచ్చి హైదరాబాద్ నిమ్స్‌కి డైరెక్టర్‌గా పనిచేశారు. తానా తొలి అధ్యక్షుడూ ఆయనే. 2021లో కన్నుమూశారు.

కువైట్‌లో ఎముకలకి ప్రత్యేకంగా అల్ రాజీ ఆస్పత్రి ఉంది. పనిలో పడినా, జారినా, నౌకరీ పోతుందనో, బాబా కోప్పడతాడనో భయపడి నొప్పి మాత్రలు మింగుతూ వారాలు గడిపేస్తుంటాం. అలా చేయొద్దు. ముందు దగ్గర్లోని పాలీక్లినిక్‌కి వెళ్దాం. ఎలా పడ్డామో, ఎప్పుడు పడ్డామో ఉన్నదున్నట్టు చెబుదాం. డాక్టర్‌కి ఏ వైపు నుంచి ఫిల్మ్ తీయించాలో తెలిసేది ఆ మాటతోనే. ఫిల్మ్ గానీ సీడీ గానీ ఇస్తే పాస్‌పోర్టుతో పాటు భద్రంగా దాచుకుందాం. రేపు ఊరెళ్లి చూపించుకోవాలన్నా, దెబ్బ పనిలోనే తగిలిందని చెప్పుకోవాలన్నా అది అక్కరకొస్తుంది.