లీవర్‌హ్యూమ్ ప్రభువు

సన్‌లైట్, లైఫ్‌బాయ్ సబ్బులు తెలుగువారికి చిరపరిచితాలు. 1888 నాటికే సన్‌లైట్ పెట్టెలు కలకత్తా రేవులో దిగాయి. వాటిని పంపిన వర్తకుడు విలియం హెస్కెత్ లీవర్.

ఆయన 1851 సెప్టెంబరు 19న ఇంగ్లండులోని బోల్టన్ పట్టణంలో ఒక కిరాణా వర్తకుని ఇంట జన్మించాడు. చిన్న వయసులోనే తండ్రి అంగడిలో పనికి కుదిరాడు. ఆ రోజులలో సబ్బు పొడవైన దిమ్మెలుగా వచ్చేది. దుకాణదారులు దానిని కోసి, తూచి అమ్మేవారు. లీవర్ ఈ పద్ధతిని మార్చాడు. 1884లో సన్‌లైట్ అనే పేరును నమోదు చేయించి, సబ్బును బిళ్ళలుగా కోసి, పేరు అచ్చువేసిన కాగితంలో చుట్టి అమ్మించాడు. తమ్ముడు జేమ్స్ ఆయనకు తోడయ్యాడు. 1888లో మెర్సీ నదీతీరాన కొత్త కర్మాగారానికీ, కార్మికులు నివసించే పోర్ట్ సన్‌లైట్ గ్రామానికీ పునాది పడింది. ఆనాడు తొలి మట్టిపెళ్ళను తవ్వి తీసినది ఆయన అర్ధాంగి ఎలిజబెత్. ఆమె పుట్టింటి పేరు హ్యూమ్.

1911లో రాజు ఆయనకు బారొనెట్ బిరుదమిచ్చాడు. తండ్రి తరువాత కుమారునికి సంక్రమించే గౌరవమది. అదే సంవత్సరం బెల్జియన్ కాంగోలో తాటినూనె కోసం ఆయన విస్తారమైన అడవులపై హక్కు పొందాడు. అక్కడి ప్రజలచేత బలవంతంగా పని చేయించారన్న అపకీర్తి ఆయనను వీడలేదు. పోర్ట్ సన్‌లైట్‌లో కార్మికులకు తోటలూ ఇళ్ళూ అమర్చినవాడు ఇతడేనా అనిపించక మానదు.

1913లో ఎలిజబెత్ మరణించింది. 1917లో ఆయనకు బారన్ హోదాతో ప్రభువుల సభలో స్థానం లభించింది. ప్రభువు అయినవాడు తన బిరుదుకొక నామాన్ని ఎంచుకోవాలి. ఆయన తన ఇంటిపేరుకు భార్య పుట్టింటి పేరు చేర్చి లీవర్‌హ్యూమ్ అయ్యాడు. 1922లో వైకౌంట్‌గా మరొక మెట్టు ఎక్కాడు. ఆమె స్మృత్యర్థం పోర్ట్ సన్‌లైట్‌లో నిర్మించిన చిత్రశాల కూడా ఆ ఏడే తెరుచుకుంది.

1925 మే 7న ఆయన కన్నుమూశాడు. బిరుదు ఏకైక కుమారునికీ, 1949లో మనుమడు ఫిలిప్‌కూ సంక్రమించింది. ఫిలిప్‌కు ముగ్గురూ కుమార్తెలే. ఒక స్త్రీ పేరును ఇముడ్చుకున్న బిరుదే అయినా, అది పురుష సంతతికి మాత్రమే చెందుతుంది. 2000 జూలైలో ఫిలిప్ మరణించగా బారొనెట్, బారన్, వైకౌంట్ బిరుదులు మూడూ ఒక్కసారే అంతరించాయి.