అమృతాంజనం సీసా వెనకాల మనిషి

ఈ సంచికకు ఒక గొప్ప వ్యక్తి జీవితం గురించి రాయమని క్లబ్బు వాళ్లు అడిగారు. నేను కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారిని ఎంచుకున్నాను. ఆర్మూర్ పిల్లగానికి కృష్ణా జిల్లా పంతులు గారితో ఏం పని అని మీకు అనిపించొచ్చు. అది చెప్పాలంటే ముందు మా పసుపు సంగతి, ఆ తర్వాత నేను చేసిన ఒక తప్పు సంగతి చెప్పాలి.

మాది ఆర్మూర్ పక్కన ఒక పల్లె. జూన్‌లో వానలు పడంగానే పసుపు పెడతాం. తవ్వే సరికి సంక్రాంతి దాటుతుంది. తవ్వుడు, ఉడకబెట్టుడు, కల్లంలో ఆరబెట్టుడు, డ్రమ్ములో వేసి పాలిష్ పట్టుడు... అన్నీ అయ్యేసరికి ఇంట్లో అందరి గోళ్లూ పచ్చగా అయిపోతాయి. తర్వాత సంచులు కట్టి నిజామాబాద్ మార్కెట్ యార్డుకు తీసుకపోతాం. అక్కడ కొమ్ము వేరు, మండ వేరు కుప్పలు పోస్తారు. ఖరీదుదారులు వచ్చి ఒక కొమ్ము విరిచి చూసి పోతారు. ఆ తర్వాత రేటు వస్తుంది. తొమ్మిది నెలల కష్టానికి ఆ ఒక్క అంకె. నచ్చకపోతే కొందరు లారీ కట్టుకుని మహారాష్ట్రలో సాంగ్లీ దాకా పోతారు. అక్కడ కూడా రేటు చెప్పేది కొనేవాళ్లే.

2019 లోక్‌సభ ఎన్నికలు మీకు గుర్తుండే ఉంటాయి. నిజామాబాద్ స్థానంలో మొత్తం 185 మంది పోటీ చేశారు. అందులో 170 మందికి పైగా రైతులే. పసుపు బోర్డు కావాలి, మద్దతు ధర కావాలి అని వాళ్లు అట్ల నామినేషన్లు వేశారు. 2025లో బోర్డు వచ్చింది. కానీ ఇప్పటికీ మా పసుపు యార్డు గేటు దాటినాక ఎవరి పేరుతో, ఏ ప్యాకెట్‌లో, ఏ ఊర్లో అమ్ముడు పోతుందో మాకు తెలియదు.

సెకండియర్‌లో నాకు మార్కెటింగ్ పిచ్చి పట్టింది. పొద్దస్తమానం వీడియోలు చూసేవాణ్ణి. పెద్ద మార్కెటింగ్ ఎక్స్‌పర్ట్ అవ్వాలి, ఒక పుస్తకం రాయాలి, పెద్ద స్టేజీ మీద మైకు పట్టుకుని నడుస్తూ మాట్లాడాలి, ఇవీ నా కలలు. ఆ ఊపులో ఒక రాత్రి కూర్చుని మా పసుపుకు పేరు, లోగో, ప్యాకెట్ డిజైన్ అన్నీ చేసేశాను. ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ పెట్టాను. ఆర్మూర్ రైతు ఇంటి నుంచి నేరుగా మీ వంటింటికి అని రాసుకున్నాను. హాస్టల్ ఫ్రెండ్స్, వాళ్ల ఇళ్లవాళ్లు కలిసి 30 ప్యాకెట్లు ఆర్డర్ ఇచ్చారు.

తీరా చూస్తే అప్పటికే మా పంట మొత్తం యార్డులో అమ్మేశాం. ఇంట్లో కూరకు దాచుకున్న పసుపు తప్ప ఏం లేదు. ఆర్డర్లు పోగొట్టుకోవడం ఇష్టం లేక, టౌన్‌లో ఒక కొట్టులో పసుపు పొడి కొని మా ప్యాకెట్లలో నింపాను. మా బాపు చూశాడు. తిట్టలేదు. ఒక ప్యాకెట్ చేతిలోకి తీసుకుని, దీంట్ల ఉన్నది ఎవరి పసుపని అడిగాడు. నేను జవాబు చెప్పలేదు. మర్నాడు అందరి డబ్బులూ వాపసు ఇచ్చేశాను, పేజీ తీసేశాను.

ఆ రాత్రి మా నాయనమ్మ తలనొప్పని నుదుటికి అమృతాంజనం రాసుకుంటోంది. ఆ పచ్చటి మందు, ఆ వాసన నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. మా ఇంట్లో తలనొప్పి మందుకు ఇంకో పేరే లేదు. ఒక మందు పేరు మూడు తరాల నోట్లో ఇట్ల ఎట్ల నిలబడింది, దీన్ని చేసింది ఎవరు అని వెతకడం మొదలుపెట్టాను. అట్ల నాగేశ్వరరావు పంతులు గారి దగ్గరికి వచ్చాను.

ఆయన 1867లో కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టారు. బందరులో చదివి, ఆ తర్వాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో 1891లో డిగ్రీ పూర్తి చేశారు. అప్పట్లో బి.ఏ. పాసైనవాళ్లు సర్కారు కొలువో, ప్లీడరు పనో చూసుకునేవాళ్లు. ఇప్పటి మన ప్లేస్‌మెంట్ల లాగే అనుకోండి. ఈయన మాత్రం వ్యాపారం వైపు తిరిగారు. కందుకూరి వీరేశలింగం గారి వివేకవర్ధని చదివి ప్రభావితుడైన మనిషి కాబట్టి, రాయడం మీద కూడా అప్పటి నుంచే మనసు ఉంది.

మద్రాసులో ఏదో ప్రయత్నం చేశారు. కలకత్తా వెళ్లి మందుల తయారీ పని నేర్చుకున్నారు. తర్వాత బొంబాయి చేరి ఒక కంపెనీలో ఉద్యోగం చేశారు. ఈ భాగాన్ని జీవిత చరిత్రల్లో రెండు లైన్లలో దాటేస్తారు గానీ, నేను ఎక్కువసేపు ఆగింది ఇక్కడే. ఊరు మారడం, భాష రాని చోట ఉండడం, ఇంకొకరి కింద పనిచేస్తూ మందు ఎట్ల తయారవుతుందో, ఎట్ల అమ్ముతారో చూడడం, వీటిలోనే ఆయన నేర్చుకునే కాలం గడిచింది. నేను ఒక్క రాత్రిలో లోగో గీసి దాటేసింది సరిగ్గా ఈ భాగాన్నే.

1893లో బొంబాయిలో ఆయన అమృతాంజనం మొదలుపెట్టారు. కొత్త మందు, ఎవరూ వినని పేరు. దాన్ని జనంలోకి తీసుకుపోవడానికి ఆయన చేసిన పని ఇప్పటికీ అందరూ చెప్పుకుంటారు. సంగీత కచేరీల్లో శ్రోతలకు ఉచితంగా పంచిపెట్టారు. గంటల తరబడి ఒకే చోట కూర్చునే జనం. మూత తీస్తే వాసన పక్క వరుస దాకా పోతుంది. ఒకరు నుదుటికి రాసుకుంటే ఇంకొకరు అదేంటని అడుగుతారు. ఈ వివరాలు నా ఊహే అనుకోండి, కానీ కచేరీనే ఎందుకు ఎంచుకున్నారో ఆలోచిస్తే నాకు ఇదే తోస్తుంది. ఇప్పుడు దీన్ని ఫ్రీ శాంపిల్ అంటాం. అది చేయాలంటే ఒక ధైర్యం కావాలి. ఊరికే ఇచ్చిన మందు పనిచేయకపోతే ఆ హాలులో ఉన్న వాళ్లందరికీ ఒకేసారి తెలిసిపోతుంది. సీసాలో ఉన్నదాని మీద నమ్మకం లేనివాడు ఆ పని చేయలేడు. నా 30 ప్యాకెట్లతో నేనైతే చేయలేకపోయేవాణ్ణి.

మందు నిలబడింది, డబ్బు వచ్చింది. ఇక్కడి నుంచి ఆయన కథ మామూలు వ్యాపారి కథలా నడవదు.

1907లో సూరత్ కాంగ్రెస్ సభలకు వెళ్లారు. దేశంలో ఏం జరుగుతుందో తెలుగువాళ్లకు తెలుగులో చెప్పే బలమైన పత్రిక లేదన్న బాధ ఆయనకు అక్కడ కలిగింది. మరుసటి ఏడు, 1908లో బొంబాయి నుంచే ఆంధ్రపత్రిక వారపత్రికగా వచ్చింది. బొంబాయిలో తెలుగు పత్రిక ఏంటి అని నాకు మొదట వింతగా అనిపించింది. కానీ మన తెలంగాణ పల్లెల నుంచి కూలికి, మిల్లు పనికి బొంబాయి పోయినవాళ్లు అప్పటికే వేలల్లో ఉన్నారు. అక్కడి కామాటిపురాకు ఆ పేరు వచ్చిందే నిజాం రాజ్యం నుంచి వెళ్లిన కామాటీల వల్ల.

1914లో పత్రికను మద్రాసుకు మార్చి దినపత్రిక చేశారు. అది మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన ఏడాది. ఆంధ్రపత్రిక ఉగాది సంచికలకు చాలా పేరుండేది. పండుగకు కొత్త బట్టల లాగా కథలు, వ్యాసాలు, బొమ్మలతో ఒక లావు పుస్తకం ఇంటికి వచ్చేదన్నమాట. 1924లో భారతి అనే సాహిత్య మాసపత్రిక మొదలుపెట్టారు. తర్వాత అరవై ఏళ్లకు పైగా తెలుగులో పేరున్న రచయితలు, పరిశోధకులు దాదాపు అందరూ అందులో రాశారు. ఇట్లాంటి పత్రికలు లాభం కోసం నడవవని వేరే చెప్పక్కర్లేదు. వాటి వెనకాల ఆ చిన్న సీసా ఉంది.

1926లో ఆంధ్ర గ్రంథమాల పేరుతో పుస్తకాలు అచ్చువేయడం మొదలుపెట్టారు. మన పాల్కురికి సోమనాథుడి బసవపురాణం వేటూరి ప్రభాకరశాస్త్రి గారి పరిష్కరణలో ఆ గ్రంథమాల నుంచే వచ్చింది. ఇది తెలిసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. పాలకుర్తి కవి పుస్తకాన్ని తలనొప్పి మందు డబ్బు అచ్చు వేయించింది! కొమర్రాజు లక్ష్మణరావు గారు ప్రారంభించిన ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం, 1923లో ఆయన పోవడంతో ఆగిపోతే, దాన్ని మళ్లీ భుజాన ఎత్తుకున్నది కూడా పంతులు గారే.

ఆయన రచయిత, ఉపన్యాసకుడు కూడా. పత్రికలో సంపాదకీయాలు రాశారు. ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెస్ సంఘానికి అధ్యక్షుడిగా పనిచేశారు, గ్రంథాలయ సభలకు అధ్యక్షత వహించారు, ఖద్దరు ప్రచారం చేశారు. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు పోయి, అక్కడ భగవద్గీతకు వ్యాఖ్యానం రాశారు. నేను కలగన్న మూడూ, అంటే మార్కెటింగ్, పుస్తకం, స్టేజీ, ఆయన జీవితంలో ఉన్నాయి. కాకపోతే నా కలలో ఆ మూడింటి మధ్యలో నిలబడేది నేనే. ఆయన జీవితంలో మధ్యలో ఉన్నది పత్రిక, పుస్తకం, స్వరాజ్యం.

జనం ఆయన్ని దేశోద్ధారక అన్నారు, విశ్వదాత అన్నారు. 1935లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ ఇచ్చింది. 1936లో అమృతాంజనం పబ్లిక్ లిమిటెడ్ కంపెనీ అయింది. 1937 నవంబరు 16న మద్రాసులో ఆయన ఇల్లు శ్రీబాగ్‌లోనే కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య ఒప్పందం కుదిరింది. దానికి ఆ ఇంటి పేరే నిలిచిపోయింది. ఒకటి మాత్రం చెప్పుకోవాలి. ఆ చర్చల్లో మా ఆర్మూర్ లేదు. అప్పుడు మేం నిజాం రాజ్యంలో ఉన్నాం, మా ముచ్చట వేరే. మా వైపు ఆ పని సురవరం ప్రతాపరెడ్డి గారు 1926లో గోలకొండ పత్రిక పెట్టి చేశారు. అయినా పంతులు గారిని మాకు సంబంధం లేని మనిషని అనుకోలేను. మా నాయనమ్మ అలమరలో ఆ సీసా ఉన్నంతకాలం అనుకోలేను.

1938 ఏప్రిల్ 11న ఆయన కన్నుమూశారు. అల్లుడు శివలెంక శంభుప్రసాద్ గారు పత్రికల్ని ముందుకు నడిపారు. భారతి, ఆంధ్రపత్రిక చివరికి ఆగిపోయాయి. అమృతాంజనం మాత్రం ఇంకా కిరాణా కొట్లలో దొరుకుతోంది. మందు బతికి, అది పోషించిన పత్రికలు ఆగిపోవడం చూసి ఆయన సంతోషించేవారా అని ఒక్కోసారి అనిపిస్తుంది. కానీ భారతి పాత సంచికలు ఇప్పుడు స్కాన్ అయి నెట్‌లో దొరుకుతున్నాయి. ఈ పరీక్షల హడావిడి అయ్యాక ఒక్కటైనా తెరిచి చూడండి.

ఇక నా సంగతి. ఈ ఏడు తవ్వకాలప్పుడు సెలవు పెట్టి ఇంటికి పోయాను. మొత్తం పంటను ప్యాకెట్లు చేసి అమ్మేంత శక్తి మాకు లేదు. అప్పులోడు ఆగడు, కాబట్టి సంచులు యార్డుకే పోయాయి. కానీ బాపును అడిగి 40 కిలోల కొమ్ములు పక్కకు పెట్టించాను. ఉడకబెట్టేటప్పుడు దగ్గరుండి చూశాను. ఎంతసేపు ఉడకాలో, ఎన్ని రోజులు ఎండాలో, కొమ్ము విరిస్తే ఎట్లాంటి చప్పుడు రావాలో అమ్మ దగ్గర నేర్చుకున్నాను. ఇన్నేళ్లూ ఆ ఇంట్లో పెరిగి ఇవి నాకు తెలియకపోవడం సిగ్గుగానే అనిపించింది. పొడి మా ఊరి గిర్నీలో నా ముందే పట్టించాను.

ఉగాదికి మన క్లబ్బు కవి సమ్మేళనం పెడుతోంది గదా. వచ్చినవాళ్లందరికీ చిన్న చిన్న పొట్లాల్లో పసుపు ఊరికే ఇస్తాను. పొట్లం మీద లోగో లేదు, నా ఫోటో లేదు. మా బాపు పేరు, ఊరు, తవ్విన నెల, అంతే, తెలుగులో రాసి ఉంటుంది. ఇంటికి తీసుకపోయి అమ్మకు ఇవ్వండి. కూరలో వేశాక బాగాలేదంటే నాకు మొహం మీదే చెప్పండి. ఈసారి ఎవరి పసుపని అడిగితే చెప్పడానికి నా దగ్గర జవాబు ఉంది.