‘సఫేద్ ఖూన్’ రాసిన ఆగా హష్ర్ కాశ్మీరీ

ఆస్తి కోసం అన్నదమ్ములు మొహాలు చూసుకోవడం మానేస్తే, ఉర్దూ మాట్లాడే ఇళ్లలో పెద్దవాళ్లు ఖూన్ సఫేద్ అయిపోయిందంటారు. రక్తం తెల్లబడిందని, అంటే మమకారం చచ్చిపోయిందని. ఈ నానుడినే ఆగా హష్ర్ కాశ్మీరీ తన నాటకానికి పేరుగా పెట్టుకున్నారు. అదే సఫేద్ ఖూన్. కథ షేక్‌స్పియర్ కింగ్ లియర్‌ది.

హష్ర్ 1879లో బనారస్‌లో పుట్టారు. కాశ్మీర్ నుంచి వచ్చిన శాలువాల వ్యాపారుల కుటుంబం. కొడుకు దీనీ చదువులో స్థిరపడాలని తండ్రి కోరిక. కుర్రాడి మనసేమో నాటకాల మీద. 1897లో, పద్దెనిమిదేళ్లకే, ఆఫ్తాబ్-ఎ-మొహబ్బత్ రాసేశారు. తర్వాత ఇల్లు వదిలి బొంబాయి చేరారు.

అక్కడ పార్సీ నాటక కంపెనీల రోజులవి. రచయితను మున్షీ అనేవాళ్లు. నెల జీతం మీద పని, నాటకం మాత్రం కంపెనీది. పాటలుండాలి, మధ్యలో కామెడీ ఉండాలి, టికెట్ కొన్నవాడు తృప్తిగా ఇంటికెళ్లాలి. హష్ర్ షేక్‌స్పియర్‌ను అనువాదం చేయలేదు, కథ తీసుకుని మనుషుల్ని మార్చేశారు. సైద్-ఎ-హవస్‌కు మూలం కింగ్ జాన్. సింహాసనం కోసం అన్న కొడుకునే అడ్డు తొలగించుకోవాలని చూసే బాబాయి కథ.

సఫేద్ ఖూన్‌లో ముసలి రాజు బతికుండగానే రాజ్యం పంచేస్తాడు. తీయగా పొగిడిన పెద్ద కూతుళ్లిద్దరికీ అంతా ఇచ్చి, ఉన్నమాట చెప్పిన చిన్నకూతుర్ని వట్టి చేతులతో పంపేస్తాడు. రాజ్యం చేతికొచ్చాక ఆ ఇద్దరికీ తండ్రి బరువైపోతాడు. ఇల్లు రాసిచ్చి వాకిట్లో నిలబడ్డ పెద్దాయనలు మన వీధుల్లో మాత్రం లేరా? షేక్‌స్పియర్ దగ్గర చివరికి చిన్నకూతురు చనిపోతుంది, ఆమె శవం మీదే తండ్రి ప్రాణం పోతుంది. హష్ర్ ఇద్దర్నీ బతికించారు. తప్పే అనిపిస్తుంది, ఎందుకంటే లియర్ బలమంతా ఆ ఆలస్యంలోనే ఉంది. కానీ మున్షీకి కంపెనీ లెక్కలు కూడా చూసుకోక తప్పదు.

పేరొచ్చాక జనం ఇండియన్ షేక్‌స్పియర్ అన్నారు. సొంత కంపెనీ పెట్టారు గానీ ఎక్కువ కాలం నిలవలేదు. తర్వాత కలకత్తాలో మదన్ థియేటర్స్‌కు రాశారు. హిందీలో సీతా బన్‌బాస్ కూడా ఆయనదే.

1920ల చివర్లో రుస్తుం-ఓ-సోహ్రాబ్ రాసేటప్పటికి మాత్రం మనసు గట్టిపడింది. ఫిర్దౌసీ కథ అది. ఎదురుగా ఉన్నది కన్నకొడుకని తెలియక రుస్తుం పొడిచేస్తాడు. నిజం తెలిసినవాళ్లు తమ రాజుల లాభం కోసం నోరు మూసుకున్నారు. ఈసారి హష్ర్ ఎవర్నీ కాపాడలేదు.

అన్నిటికన్నా ఎక్కువ కాలం నిలిచింది యహూదీ కీ లడ్‌కీ. కొడుకును చంపించిన రోమన్ అధికారి కూతుర్నే ఒక యూదుడు సొంత బిడ్డలా పెంచుతాడు. పగ తీర్చుకునే సమయం వచ్చేసరికి ఆ పిల్ల ఆయన ప్రాణమైపోయింది. రక్తం పంచుకున్నవాళ్లు వదిలేసిన నాటకాలు రాసిన మనిషే, రక్తం పంచుకోని ఈ తండ్రినీ రాశారు. 1933లో సైగల్‌తో ఇది సినిమాగా వచ్చింది.

హష్ర్ 1935 ఏప్రిల్‌లో లాహోర్‌లో కన్నుమూశారు. మియానీ సాహిబ్ ఖబ్రస్తాన్‌లో ఖననం చేశారు. ఇరవై మూడేళ్ల తర్వాత, 1958లో, బిమల్ రాయ్ ఆ కథనే మళ్లీ యహూదీగా తీశారు. దిలీప్ కుమార్, మీనా కుమారి ఉన్నా, తండ్రి పాత్ర సోహ్రాబ్ మోదీకి దక్కింది.