బ్లేడు పోయినది, పిడి మిగిలినది

పాతవస్తువుల దుకాణములలో గోడగడియారములను, ఇత్తడి దీపములను, చెల్లని నాణెములను ఏరి కొనువారిని మనమందరము ఎరుగుదుము. వారిలో ఒక చిన్న శాఖవారు కలరు. వారికి కావలసినది గడ్డము గీసికొను పాత సామగ్రి. అమెరికాలోని పట్టణములలో ఇట్టివారు సెలవుదినములందు దుకాణము వెంట దుకాణము తిరుగుదురు. తాళపుచెవుల గుట్టల అడుగునను, పాత చెంచాల పెట్టెలలోను చేయి పెట్టి వెదకుదురు. నల్లబడిన లోహపు రేజరు ఒకటి దొరికినచో దానిని వెలుతురునకు పట్టి చూతురు. తల మీది దంతములు వంగినవా? పిడి గొట్టము నిలువునా చీలినదా? ఇత్తడి మీది వెండి పూత ఎంతవరకు నిలిచినది? ఇవి వారు మొదట వేసికొను ప్రశ్నలు.

పిమ్మట వారు దానిని చదువుదురు. మన పరిశోధకులు శిలాశాసనమును చదివినట్లే వారు రేజరును చదువుదురు. తొలినాటి వానిపై పేటెంటు తేదీయు, వరుస సంఖ్యయు ఉండును. తరువాతి కాలపు వానిపై ఒక అక్షరము, ఒక అంకె ముద్రింపబడినవి. డబ్ల్యూ అనిన 1951, ఎక్స్ అనిన 1952. ప్రక్కన నున్న అంకె ఆ యేటి ఏ మూడు నెలలలో అది తయారైనదో తెలుపును. ఒక రాజు పాలనాకాలమును గూర్చి మనకు ఇంత నిశ్చయముగా తెలియని సందర్భములు చరిత్రలో ఎన్నియో కలవు!

అట్టి రేజరులలో పెక్కింటి మీద కనిపించు పేరు జిలెట్. ఆ పేరు వినగానే మనకు తోచునది ఒక కంపెనీ. కాని అది మొదట ఒక మనుష్యుని పేరు. అతని జీవితము తెలిసిన పిదప ఆ చిన్న వస్తువు వేరొక విధముగా కనిపించును.

కింగ్ క్యాంప్ జిలెట్ 1855 జనవరి 5వ తేదీన విస్కాన్సిన్ రాష్ట్రమందలి ఫాండ్ డు లాక్ అను ఊర జన్మించినాడు. బాల్యమందే కుటుంబము షికాగో నగరమునకు తరలినది. తండ్రి అక్కడ ఇనుపసామానుల వ్యాపారము చేసినాడు. 1871లో ఆ మహానగరమును దహించిన అగ్నిప్రమాదము వారి సర్వస్వమును బూడిద చేసినది. పదునారేండ్ల బాలుడు అప్పటినుండియే జీవనోపాధి వెదకికొనవలసి వచ్చినది. ఊరూర తిరిగి సరకులమ్ము ఉద్యోగములో అతడు కుదిరినాడు. తల్లి ఫానీ సామాన్యురాలు కాదు. 1887లో ఆమె ప్రకటించిన వైట్ హౌస్ కుక్ బుక్ అను వంటల గ్రంథము అమెరికా గృహిణులకు చిరకాలము కరదీపికయైనది.

నలుబది యేండ్లు దగ్గరపడుచున్నను జిలెట్ సంచి మోయు అమ్మకపుటుద్యోగిగానే ఉండెను. అప్పటి యజమాని విలియం పెయింటర్. సోడాసీసా మీద అంచున ముడతలతో కనిపించు రేకుమూతను 1892లో పేటెంటు చేసినవాడతడే. మూత ఒకసారి తీసినచో ఇక పనికిరాదు, మరల క్రొత్తది కావలెను. పెయింటరు సంపదకు మూలమదియే. ఒకసారి వాడి పారవేయు వస్తువు నొకదానిని నీవును కనిపెట్టుమని అతడు జిలెట్‌కు హితవు చెప్పినాడు. ఆ మాట జిలెట్ మనస్సులో ముల్లువలె నాటుకొనినది.

విచిత్రమేమనగా, ఆ దినములలోనే అతని హృదయమును మరియొక ఆలోచన ఆక్రమించియుండెను. 1894లో అతడు ది హ్యూమన్ డ్రిఫ్ట్ అను గ్రంథమును ప్రకటించినాడు. వ్యాపారుల పరస్పర పోటీయే లోకమందలి దారిద్ర్యమునకును, నేరములకును, వృథా వ్యయమునకును కారణమని అందు వాదించినాడు. ప్రజలందరికిని చెందిన ఒకే ఒక సంస్థ సమస్త వస్తువులను ఉత్పత్తి చేయవలెను. నయాగరా జలపాతపు శక్తిని వినియోగించుకొనుచు, 6 కోట్ల జనులు ఒకే మహానగరమున నివసింపవలెను. ఇది అతడు కన్న కల. వృథాను నిర్మూలింపగోరిన ఆ మనస్సే పారవేయదగిన వస్తువు కొరకును అన్వేషించుచుండెను. ఈ రెండు పాయలును అతని జీవితములో కడవరకు కలియలేదు, విడిపోనులేదు.

మరుసటి యేడు, 1895లో, ఒకనాటి ఉదయమున బ్రూక్లైన్ పట్టణమందలి తన యింట గడ్డము గీసికొనుచుండగా అతనికి కత్తి మొద్దుబారినట్లు తోచినది. ఆ కాలపు కత్తి మన క్షురకుల పొదిలోని మడతకత్తి వంటిది. దినదినము తోలుపట్టీ మీద తీటవలెను, అప్పుడప్పుడు సాన పట్టింపవలెను. 1880లోనే కాంఫ్ సోదరులు రక్షణ గల రేజరును తెచ్చియుండిరి గాని, దాని అలుగును సైతము నూరక తప్పదు. జిలెట్ చూచినది వేరొకటి. ఇంత దళసరి ఉక్కులో పనిచేయునది అంచు మాత్రమే గదా! ఆ అంచును పలుచని ఉక్కురేకుతో చేసి, పిడిలో బిగించి, మొద్దుబారగానే పారవేసిన నేమి? వెంటనే బజారునకు పోయి ఇత్తడి ముక్కలు, గడియారపు స్ప్రింగులకు వాడు ఉక్కుపట్టీ, ఆకురాళ్ళు, చిన్న చేతిపట్టుకారు కొని తెచ్చి నమూనా నిర్మించినాడు. ఒహాయోలోనున్న భార్యకు, ఇక మన కష్టములు తీరినవని ఉత్తరము వ్రాసినాడు.

కష్టములు తీరలేదు. అంత పలుచని ఉక్కును గట్టిపరచి పదును పెట్టుట అసాధ్యమని తెలిసినవారందరును చెప్పినారు. ఆరేండ్లు గడచినవి. కడపట విలియం నికర్సన్ అను ఇంజనీరు ఆ పనికి పూనుకొని, ఉక్కురేకును కాల్చి గట్టిపరచుటకును, పదును పెట్టుటకును కావలసిన యంత్రములను రూపొందించినాడు. తలపు జిలెట్‌ది, దానికి ప్రాణము పోసినవాడు నికర్సన్. 1901లో కంపెనీ స్థాపితమైనది. అమ్మకములు మొదలైన 1903లో పోయినవి 51 రేజరులు, 168 బ్లేడులు మాత్రమే. మరుసటి యేడు అమ్ముడైన రేజరులు 90,884! 1904 నవంబరు 15న పేటెంటు లభించినది. దుకాణములలో పాత రేజరుల మీద అన్వేషకులు వెదకు తేదీ ఇదియే.

జిలెట్ రేజరులను చౌకగా పంచిపెట్టి బ్లేడుల మీద లాభము గడించెనని లోకములో ఒక కథ కలదు. అది సరికాదు. పేటెంటు చెల్లినంతకాలము రేజరు వెల 5 డాలర్లు. నాటి కూలివానికి అది చిన్న మొత్తము కాదు. 1921లో పేటెంటు గడువు తీరి, ఎవరైనను చేయవచ్చునన్న పిదపనే పాత తరహా రేజరు 1 డాలరునకు దిగినది. ఈ నడుమ మొదటి ప్రపంచయుద్ధములో అమెరికా ప్రభుత్వము సైనికుల కొరకు 35 లక్షల రేజరులను, 3 కోట్లకు పైగా బ్లేడులను కొన్నది. యుద్ధము ముగిసి యువకులు ఇండ్లకు మరలునప్పటికి తమ గడ్డము తామే గీసికొను అలవాటు వారితో కూడ వచ్చినది.

బ్లేడు పొట్లము మీద జిలెట్ బొమ్మ దేశదేశములకు ప్రయాణము చేసినది. గడ్డము గీసికొనుట లోకమునకు నేర్పిన ఆ ముఖమున నిండైన మీసము ఉండుట గమనింపదగినది. ముఖము లోకమంతయు ఎరిగినను, కంపెనీలో అతని మాట చెల్లుబడి తగ్గినది. జాన్ జాయిస్ అను భాగస్వామితో కలహములు పెరిగి, 1910లో తన వాటాలలో అధికభాగము అమ్మివేసినాడు. ఆ యేడే తన పాత కలను మరల తలకెత్తుకొని, ప్రపంచ సంస్థ యొక్క ప్రణాళికను ప్రకటించి, నాలుగేండ్లు దానికి అధ్యక్షత వహించినచో 10 లక్షల డాలర్లు ఇత్తునని మాజీ రాష్ట్రపతి థియొడోర్ రూజ్‌వెల్ట్‌ను కోరినాడు. రూజ్‌వెల్ట్ అంగీకరింపలేదు. 1924లో రచయిత అప్టన్ సింక్లెయిర్ సాయముతో ది పీపుల్స్ కార్పొరేషన్ అను మరియొక గ్రంథమును వెలువరించినాడు. బ్లేడులు కొన్న కోట్లాది జనులలో ఆ గ్రంథమును తెరచినవారు కొందరే.

కాలిఫోర్నియాలో కాలబాసస్ వద్ద విశాలమైన భవనము కట్టుకొన్నాడు గాని, 1929 నాటి ఆర్థిక పతనము అతని సంపదను కరిగించినది. 1930లో ఆటోస్ట్రాప్ కంపెనీతో కలియవలసి వచ్చి, సంస్థ పెత్తనము పరహస్తగతమైనది. 1931లో అధ్యక్షపదవి వదలి, 1932 జూలై 9న జిలెట్ కన్ను మూసినాడు.

అతనిని కపటి అనువారు కలరు. పోటీని ద్వేషించినవాడు పేటెంటు గుత్తతోనే గదా ధనికుడైనది, వృథాను నిందించినవాడు పారవేయుట నేర్పినాడు గదా యని వారి ఆక్షేపణ. నాకు ఆ తీర్పు అన్యాయముగా తోచును. సంపద వచ్చిన పిదప కలను మరచువారు పెక్కురు. అతడు మరువలేదు. లోకము అతని యొద్దనుండి తనకు కావలసినది తీసికొని, అతడు ఇవ్వగోరినదానిని విడిచిపెట్టినది, అంతే.

మన దేశములో బ్లేడు సైతము వెంటనే చెత్తలో పడలేదు. క్షురకులు దానిని రెండుగా విరిచి వాడినారు. పిల్లలు పెన్సిలు చెక్కుకొన్నారు. దర్జీలు కుట్లు విప్పినారు. లేమి మనకు నేర్పిన పొదుపు అది.

ఇప్పుడు పిడితో సహా పారవేయు ప్లాస్టిక్ రేజరులు వచ్చినవి. అయినను నూరేండ్ల క్రిందటి జిలెట్ రేజరును తోమి శుభ్రపరచి, నేడు బజారులో దొరకు రెండంచుల బ్లేడును అందులో పెట్టినచో చక్కగా ఇముడును. పారవేయుటకు కల్పింపబడిన బ్లేడులలో ఆనాటివి దాదాపుగా మిగులలేదు. దానిని పట్టుకొనుటకు చేసిన ఇత్తడి పిడి మాత్రము తాత నుండి మనుమనికి పోదగినంత గట్టిగా నిలిచినది. వృథాలేని లోకమును గూర్చి అతడు వ్రాసిన గ్రంథములకన్న ఆ మాటను ఆ పిడియే బాగుగా చెప్పుచున్నది. పాత సామానుల గుట్టలలో చేయి పెట్టి వెదకువారు, తెలిసియో తెలియకయో, దానినే వెదకుచున్నారు.